మూడో ఏడాది వేసవిలో ఇంటర్న్‌షిప్: నిజంగా ఒరిగేదేంటి, ఏది ఎంచుకోవాలి?

భీమవరం_ఈసీఈ:
అందరికీ నమస్కారం. బీటెక్ ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) మూడో ఏడాది, కాకినాడ జేఎన్‌టీయూ పరిధిలోని కాలేజీ. పరీక్షలవ్వగానే వేసవి ఇంటర్న్‌షిప్ తప్పనిసరి, ఎనిమిది వారాలు. కాలేజీకి మాత్రం మొదట ఒక లెటర్, చివర్లో ఒక సర్టిఫికెట్ ఇస్తే సరిపోతుంది. నా ముందు మూడు దారులున్నాయి.
ఒకటి: ఆన్‌లైన్‌లో ఏఐ ఇంటర్న్‌షిప్. 3,500 రూపాయలు కట్టాలి, ఆఫర్ లెటర్ మర్నాడే ఇస్తారట.
రెండు: విజయవాడలో పన్నెండు మంది పనిచేసే చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ. కిరాణా, మందుల షాపులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేస్తారు. నెలకు 5,000 ఇస్తారు, రోజూ ఆఫీసుకు వెళ్లాలి.
మూడు: లెటర్ ఎక్కడో సంపాదించి, ఇంట్లో కూర్చుని కోడింగ్ ప్రాబ్లమ్స్, ఆప్టిట్యూడ్ చేసుకోవడం.
మా బ్యాచ్‌లో ఎక్కువ మంది మూడోదే అంటున్నారు. ఇంటర్న్‌షిప్ వల్ల ప్లేస్‌మెంట్‌లో నిజంగా తేడా ఉంటుందా? ఉంటే ఎక్కడ?

నిశిత_రిక్రూటింగ్:
రెండోది తీసుకో తమ్ముడూ, ఇందులో పెద్దగా ఆలోచించాల్సిందేమీ లేదు. ఎందుకో చెప్తా.

ఫ్రెషర్ రెజ్యూమేలో "ఇంటర్న్‌షిప్" అన్న మాట ఇప్పుడు అందరికీ ఉంటుంది. అది కనిపించినంత మాత్రాన మార్కులు పడవు. ఇంటర్వ్యూ చేసేవాళ్లు దాన్ని పట్టుకుని అడిగే ప్రశ్నలే అసలు విషయం. నీ పనిని ఎవరు వాడారు? నువ్వు రాసింది ఎంత, సీనియర్ రాసింది ఎంత? ఏది పాడైంది, ఎలా కనుక్కున్నావు? ఈ మూడింటికి జవాబు ఉన్నవాడితో మాట అరగంట సాగుతుంది. లేనివాడి దగ్గర రెండు నిమిషాల్లో ఆగిపోయి, "సరే, ఓఓపీ కాన్సెప్ట్స్ చెప్పండి" అన్న పుస్తకం ప్రశ్న దగ్గరికి వచ్చేస్తుంది. అక్కడ నీ పోటీ కొన్ని వేల మందితో.

ఫీజు కట్టి చేసే వాటిలో ప్రాజెక్టులు అందరికీ ఒకటే. టైటానిక్‌లో ఎవరు బతికారో చెప్పే మోడల్, పువ్వుల రకం గుర్తుపట్టేది, ఇళ్ల ధరలు అంచనా వేసేది. ఒకే కాలేజీ నుంచి వరసగా నాలుగు రెజ్యూమేల్లో అదే ప్రాజెక్టు, అవే వాక్యాలు కనిపిస్తే చదివేవాళ్లు ఏమనుకుంటారో నువ్వే ఊహించుకో.

అనుభవం కాకుండా ఇంకో రెండు లాభాలుంటాయి. నీ పని కళ్లారా చూసి, రేపు ఎవరైనా ఫోన్ చేస్తే నీ గురించి రెండు నిమిషాలు మాట్లాడగల మనిషి దొరుకుతాడు. కాలేజీలో ఎంత మంచి మార్కులొచ్చినా అది రాదు. రెండోది పీపీఓ, అంటే ఇంటర్న్‌షిప్ అయ్యాక అదే కంపెనీ ఇచ్చే ఉద్యోగం. చిన్న కంపెనీలో జీతం తక్కువే ఉండొచ్చు, కానీ చేతిలో ఒక ఆఫర్ ఉంటే క్యాంపస్‌లో కనిపించిన ప్రతి బాండ్ (ఇన్నేళ్లు మానకూడదని రాయించుకునే) ఉద్యోగానికీ తలూపే అవసరం రాదు.

ఆప్టిట్యూడ్ మానేయమని అనట్లేదు. పెద్ద సర్వీస్ కంపెనీల ఆన్‌లైన్ టెస్ట్ గట్టెక్కాలంటే అది కావాల్సిందే. రోజుకు గంటన్నర దానికి పెట్టుకో.

పుల్‌రిక్వెస్ట్_బాబాయ్:
నిశిత గారు చెప్పినదానికి ఇంకొంచెం కలుపుతా. "బిల్లింగ్ సాఫ్ట్‌వేరా, అదేముంది" అని మీ బ్యాచ్ వాళ్లు పెదవి విరవొచ్చు. అందులో ఎంత సరుకుందో చూడు.

డబ్బును ఫ్లోట్‌లో (దశాంశాలను ఉజ్జాయింపుగా దాచే డేటా టైప్) పెడితే మొత్తాల్లో పైసల తేడా వస్తుంది. 0.1కి 0.2 కలిపితే కంప్యూటర్‌లో సరిగ్గా 0.3 రాదు కాబట్టి పైసలను పూర్ణాంకాల్లోనో డెసిమల్ టైప్‌లోనో దాచాలి. పన్ను ఒక్కో వస్తువు మీద రౌండ్ చేయాలా, మొత్తం బిల్లు మీదా? రెండు చోట్ల రెండు రకాలుగా చేస్తే నెలాఖరులో జీఎస్టీ రిటర్న్ లెక్కతో బిల్లుల లెక్క కలవదు. రాష్ట్రంలోపల అమ్మితే సీజీఎస్టీ (కేంద్రం పన్ను), ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం పన్ను) సగం సగం. బయటికి పంపితే ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య అమ్మకాల పన్ను). ఇన్వాయిస్ నంబర్ వరసగా ఉండాలి, పదహారు అక్షరాలు దాటకూడదు, ఒక ఆర్థిక సంవత్సరంలో రెండోసారి రాకూడదు. ఇద్దరు క్యాషియర్లు ఒకేసారి బిల్లు కొడితే ఇద్దరికీ అదే నంబర్ వచ్చే బగ్ ఈ సాఫ్ట్‌వేర్లలో మామూలే. అది సరిచేయాలంటే డేటాబేస్ ట్రాన్సాక్షన్, లాక్ (ఒకరి పని పూర్తయ్యేదాకా ఇంకొకరిని ఆపే ఏర్పాటు) అంటే ఏంటో తెలియాలి. క్లాసులో నాలుగు లైన్లలో రాసి మర్చిపోయే పాఠం, ఇక్కడ షాపాయన ఫోన్ చేసి అరిచాక జన్మలో మర్చిపోరు.

నువ్వు ఈసీఈ కాబట్టి ఇంకోటి. బిల్లు మీద "కందిపప్పు" అని తెలుగులో రావాలని షాపువాళ్లు అడుగుతారు. మామూలు థర్మల్ ప్రింటర్ల సొంత ఫాంట్‌లో తెలుగు ఉండదు. ఆ లైన్‌ను కంప్యూటర్‌లోనే బొమ్మగా గీసి చుక్కల రూపంలో పంపాలి. 203 డీపీఐ (అంగుళానికి 203 చుక్కలు) ప్రింటర్ అయితే 58 మి.మీ. కాగితానికి వెడల్పు 384 చుక్కలు, 80 మి.మీ. కాగితానికి 576. వెడల్పు తప్పితే అక్షరాలు కుడివైపు తెగిపోతాయి. పొడవాటి బొమ్మను ఒకేసారి పంపితే చవక ప్రింటర్ బఫర్ (తాత్కాలిక మెమరీ) నిండి మధ్యలో చెత్త అక్షరాలు కొడుతుంది, అందుకే ముక్కలుగా పంపుతారు. ఈ ఒక్క పని నువ్వు సొంతంగా చేసి, ఇంటర్వ్యూలో కాగితం మీద గీసి చెప్పగలిగితే చాలు.

ఇక ఎనిమిది వారాలు ఎలా గడుస్తాయంటే, మొదటి వారం దాదాపు సెటప్‌కే పోతుంది. కోడ్ దింపుకోవడం, డేటాబేస్ నిలబెట్టడం, లాగిన్‌లు తెప్పించుకోవడం. చాలా మంది ఇక్కడే చిక్కుకుని, అడగడానికి మొహమాటపడి మూడు రోజులు ఊరికే కూర్చుంటారు. ఒక సమస్య మీద నలభై నిమిషాలు సొంతంగా కష్టపడు. ఆ తర్వాత అడుగు. అడిగేటప్పుడు "రావట్లేదు అన్నా" అనకుండా ఏం చేశావో, ఏ ఎర్రర్ వచ్చిందో, ఏమేం ప్రయత్నించావో మూడు లైన్లలో రాసి పంపు. ఎర్రర్‌ను ఫొటో తీసి పంపొద్దు, కాపీ చేసి పెట్టు. దాన్ని వాళ్లు వెతుక్కోగలగాలి కదా.

రెండో వారంలో చిన్న బగ్ ఒకటి అడిగి తీసుకో. పుల్ రిక్వెస్ట్ (నీ మార్పులను అసలు కోడ్‌లో కలపమని పంపేది) రెండు మూడు వందల లైన్లు దాటకుండా చూసుకో. వెయ్యి లైన్లు పెడితే రివ్యూ చేసేవాడు చదవడు, "బాగుంది" అని కలిపేస్తాడు. అలా కలిపేస్తే నీకే నష్టం, ఎందుకంటే నీ కోడ్ మీద వచ్చే వ్యాఖ్యలే ఈ ఎనిమిది వారాల్లో నీకు ముట్టే అసలు జీతం.

ఒక హెచ్చరిక. డేటాబేస్ పాస్‌వర్డ్, ఏపీఐ కీలు (వేరే సర్వీసులను వాడుకోవడానికి ఇచ్చే రహస్య కోడ్‌లు) ఉన్న ఫైల్‌ను పొరపాటున గిట్‌హబ్‌లో (కోడ్ దాచి పంచుకునే సైట్) పెట్టడం ఇంటర్న్‌లు తరచూ చేసే పెద్ద తప్పు. తర్వాత కమిట్‌లో (సేవ్ చేసే కొత్త మార్పులో) తీసేస్తే పోదు, హిస్టరీలో అలాగే ఉంటుంది. ఆ కీని రద్దు చేసి కొత్తది తీసుకోవాలి. దాచిపెట్టకుండా ఆ నిమిషమే చెప్పు.

అశోక్‌నగర్_ప్రిపరేషన్:
ఇదంతా బాగుంది గానీ, విజయవాడలో హాస్టల్, తిండి, బస్సు కలిపితే 5,000 ఏ మూలకి? చేతి డబ్బు పెట్టుకుని పనిచేయడమే కదా.

నిశిత_రిక్రూటింగ్:
నిజమే, మిగలదు. ఇంటి నుంచి కొంత పడుతుంది. ఆ కొంత అసలు లేని పరిస్థితి అయితే లెక్క మారిపోతుంది, అప్పుడు రోజూ వెళ్లిరాగల దూరంలో ఏదైనా చూసుకోవడం మేలు. భీమవరం, ఏలూరు, రాజమండ్రిలో కూడా ఆటోమేషన్ చేసేవాళ్లు, ఆక్వా రైతులకు సెన్సర్లు పెట్టేవాళ్లు, స్కూళ్లకు సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లు ఉన్నారు. వాళ్లెవరూ పోర్టల్‌లో ప్రకటన వేయరు. నేరుగా వెళ్లి అడగాలి.

అసలు స్టైపెండ్ లేకుండా మూడు నెలలు దాటి పనిచేయించుకుంటామంటే మాత్రం వద్దు. నేర్పడం అయిపోయాక కూడా ఉచితంగా సాగదీస్తున్నారంటే వాళ్లకు కావాల్సింది చవక కూలి.

భీమవరం_ఈసీఈ:
అన్నా, అక్కా, థాంక్స్. ఆ విజయవాడ కంపెనీ అసలుదో కాదో ఎలా తేల్చుకోవాలి? వెబ్‌సైట్ ఉంది గానీ రెండే పేజీలు.

ఖాతా_పుస్తకం:
ఇది నా లైన్ కాబట్టి చెప్తాను.

ఆఫర్ లెటర్ చేతికొచ్చాక మొదట కాగితం పైభాగం, కిందిభాగం చూడండి. ప్రైవేట్ లిమిటెడ్ అయితే కంపెనీల చట్టం ప్రకారం లెటర్‌హెడ్ మీద రిజిస్టర్డ్ ఆఫీస్ చిరునామా, సీఐఎన్ (కంపెనీ గుర్తింపు) నంబర్ ఉండాలి. సీఐఎన్‌లో 21 అక్షరాలుంటాయి. మొదటిది ఎల్ అయితే స్టాక్ ఎక్స్చేంజిలో లిస్టయిన కంపెనీ, యూ అయితే కానిది. తర్వాత ఐదంకెలు వ్యాపారం రకానికి, రెండక్షరాలు రాష్ట్రానికి, నాలుగంకెలు పెట్టిన సంవత్సరానికి. "పదిహేనేళ్ల అనుభవం" అని వెబ్‌సైట్‌లో రాసుకుని సీఐఎన్‌లో 2023 అని ఉంటే అడగాల్సిన ప్రశ్న దొరికినట్టే. ఎంసీఏ (కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ) సైట్‌లో మాస్టర్ డేటా చూస్తే కంపెనీ నడుస్తోందా, మూతపడిందా తెలుస్తుంది.

సొంత వ్యాపారమో, భాగస్వామ్యమో అయితే సీఐఎన్ ఉండదు. అది మోసానికి గుర్తేమీ కాదు. అప్పుడు జీఎస్టీ నంబర్ అడగండి. పదిహేను అక్షరాలు, మొదటి రెండూ రాష్ట్రం కోడ్. ఆంధ్రప్రదేశ్‌కు 37, తెలంగాణకు 36. జీఎస్టీ పోర్టల్‌లో లాగిన్ లేకుండానే ఆ నంబర్ కొట్టి చూడొచ్చు, పేరు, చిరునామా, యాక్టివ్‌గా ఉందో లేదో అన్నీ వస్తాయి. సేవల వ్యాపారానికి ఏడాదికి 20 లక్షల లోపు టర్నోవర్ అయితే సాధారణంగా జీఎస్టీ తప్పనిసరి కాదు, కాబట్టి మరీ చిన్నవాళ్ల దగ్గర అదీ ఉండకపోవచ్చు. అలాంటప్పుడు ఒక పూట వెళ్లి ఆఫీసు చూసి రావడం కంటే మంచి పరీక్ష లేదు. ఎంతమంది కూర్చున్నారు, ఏం చేస్తున్నారు, కస్టమర్ షాపు ఒకటి ఎక్కడుంది అని అడగండి. ఆ షాపుకెళ్లి ఒక సబ్బు కొని బిల్లు తీసుకోండి. సాఫ్ట్‌వేర్ పేరు చాలాసార్లు బిల్లు కింద ఉంటుంది!

ఫీజు అడిగారంటే అది కోర్సు. కోర్సు కొనుక్కోవడం తప్పు కాదు, కానీ దాన్ని ఇంటర్న్‌షిప్ అనుకోవద్దు. "రిజిస్ట్రేషన్", "సెక్యూరిటీ డిపాజిట్", "ల్యాప్‌టాప్ డిపాజిట్" అన్నీ దాని చుట్టాలే.

పదో తరగతి మెమో, ఇంటర్ సర్టిఫికెట్ ఒరిజినల్స్ ఎవరడిగినా ఇవ్వకండి. చూపించి వెనక్కి తెచ్చుకోండి. జిరాక్స్ ఇస్తే దాని మీద "ఫలానా కంపెనీ ఇంటర్న్‌షిప్ కోసం మాత్రమే" అని రాసి తేదీ వేయండి.

స్టైపెండ్ బ్యాంకు ఖాతాలోకే అడగండి. కొందరు అందులోంచి టీడీఎస్ (ముందే మినహాయించే ఆదాయపు పన్ను) కోస్తారు. అది ఆదాయపు పన్ను పోర్టల్‌లో మీ పాన్ మీద కనిపిస్తుంది. మీ ఏడాది ఆదాయం పన్ను పరిమితి లోపే ఉంటే రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు. అక్కడ లేదంటే కోశారు గానీ ఇంకా కట్టలేదనో, వివరాలు దాఖలు చేయలేదనో.

మధురవాడ_రిమోట్:
ఒక మాట. ఆన్‌లైన్ అంటే చాలు అందరూ కొట్టిపారేస్తున్నారు. రిమోట్‌లో మంచి ఇంటర్న్‌షిప్‌లు బోలెడున్నాయి. ఫీజు అడగకపోవడం, తీసుకునేముందు చిన్న టాస్కో ఇంటర్వ్యూనో పెట్టడం, నీకు ఫలానా మెంటర్ అని పేరు చెప్పడం, రోజూ పదిహేను నిమిషాల కాల్ ఉండటం, ఇవి ఉన్నాయో లేదో చూడాలి. ఇంటర్వ్యూ లేకుండా అప్లై చేసిన అందరినీ తీసుకుంటున్నారంటేనే అనుమానపడాలి.

రిమోట్‌లో దెబ్బతినేది ఒక్క చోట. నువ్వు చిక్కుకున్న సంగతి ఎవరికీ కనపడదు. ఆఫీసులో అయితే మొహం చూసి పక్కవాడు అడుగుతాడు. ఇక్కడ నువ్వే సాయంత్రం ఆరింటికి "ఇది అయింది, ఇది ఆగింది, రేపు ఇది" అని మూడు లైన్లు గ్రూపులో పెట్టాలి. టాస్క్ పేరుతో ఒక వారం పని ఉచితంగా చేయించుకుని మాయమయ్యేవాళ్లూ ఉంటారు. రెండు మూడు గంటలు మించిన టాస్క్ అయితే ఆలోచించు.

సైట్_సివిల్_తుని:
అందరూ సాఫ్ట్‌వేర్ గురించే మాట్లాడుతున్నారు, సివిల్ పిల్లలు కూడా ఈ థ్రెడ్ చదువుతారు కాబట్టి నాలుగు ముక్కలు.

సైట్‌లో ఇంటర్న్ అంటే హెల్మెట్ పెట్టుకుని ఫొటోలు దిగి, అటెండెన్స్ వేయించుకుని గదికి పోవడం కింద మారింది. కాంట్రాక్టర్‌కు నీ మీద శ్రద్ధ ఉండదు, అది సహజం. శ్రద్ధ పుట్టాలంటే వాళ్లకు విసుగు పుట్టించే పని ఒకటి నువ్వు ఎత్తుకోవాలి. సైట్‌లో అలాంటివి రెండు: స్టీలు లెక్క, క్యూబుల (బలం పరీక్షించడానికి పోసే కాంక్రీటు దిమ్మలు) రిజిస్టర్.

స్టీలు లోడ్ దిగగానే వే బ్రిడ్జి చీటీ ఒకవైపు, కడ్డీల లెక్క ఒకవైపు. మీటరుకు బరువు కావాలంటే కడ్డీ వ్యాసాన్ని మి.మీ.లో వర్గం చేసి 162తో భాగించు. 8 మి.మీ.కి 0.395 కిలోలు, 12కి 0.889, 16కి 1.58. కడ్డీ పొడవు మామూలుగా 12 మీటర్లు. 12 మి.మీ. కట్టలో కడ్డీలెన్నో లెక్కపెట్టి 10.67తో గుణిస్తే కట్ట బరువు. చీటీకి దీనికి తేడా ఎక్కువొస్తే తూకంలో మోసమైనా అయ్యుండాలి, కడ్డీ సన్నంగా సాగదీసిందైనా అయ్యుండాలి. ఈ లెక్క వరసగా పది లోడ్లకు రాసిచ్చిన ఇంటర్న్‌ను ఏ ఇంజనీరూ వదులుకోడు.

క్యూబులు 150 మి.మీ. ఒక శాంపిల్ అంటే మూడు క్యూబులు. ఐఎస్ 456 (కాంక్రీటు పనికి భారత ప్రమాణం) ప్రకారం 5 ఘనపు మీటర్ల కాంక్రీటు వరకు ఒక శాంపిల్, 6 నుంచి 15కి రెండు, 16 నుంచి 30కి మూడు, 31 నుంచి 50కి నాలుగు, ఆపైన ప్రతి 50కి ఇంకొకటి. మూడింటిలో ఏదైనా సగటుకు 15 శాతం కంటే అటూఇటూ పోతే ఆ శాంపిల్ చెల్లదు. 28 రోజుల ఫలితం తక్కువొచ్చిందంటే అందరూ సిమెంటును తిడతారు. చాలాసార్లు తప్పు క్యూబు దగ్గరే ఉంటుంది. అచ్చులో సరిగా కుదించకపోవడం, ఎండలో వదిలేయడం, నీళ్లలో వేయడం ఆలస్యం కావడం, నంబర్ చెరిగిపోయి వేరే పోత క్యూబును పరీక్షకు పంపడం. క్యూబు మీద తేదీ, గ్రేడు, ఏ స్తంభమో ఏ స్లాబో రాసే పని నీది చేసుకో. ఇంటర్వ్యూలో "ఫెయిలైతే ఏం చేస్తారు" అని అడిగితే పుస్తకంలోది కాకుండా చెప్పడానికి నీ దగ్గర ఏదో ఒకటి ఉంటుంది.

జీడిమెట్ల_క్యూసీ:
ఫార్మా వాళ్లకు కూడా. బీఫార్మసీ, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పిల్లలు క్యూసీ (నాణ్యత పరీక్ష) ల్యాబ్‌లో ఇంటర్న్‌గా చేరితే మొదటి రెండు వారాలు ఎస్‌ఓపీలు (ఏ పని ఎలా చేయాలో రాసిన పత్రాలు) చదివించి సంతకాలు పెట్టిస్తారు. విసుక్కోవద్దు, ఆ శిక్షణ రికార్డు లేకుండా పరికరం ముట్టుకోనివ్వరు. హెచ్‌పీఎల్‌సీ (మందులోని పదార్థాలను విడదీసి కొలిచే యంత్రం) మీద పని దొరికితే, మొబైల్ ఫేజ్ (అందులో పారే ద్రావకం) వడపోసి గాలి తీయకపోతే గ్రాఫ్ బేస్‌లైన్ ఎలా ఎగురుతుందో, ఐదు ఇంజెక్షన్ల ఏరియాల ఆర్‌ఎస్‌డీ (ఫలితాలు ఒకదానికొకటి ఎంత తేడాగా ఉన్నాయో చెప్పే కొలత) రెండు శాతం దాటితే ఎందుకు ముందుకు పోకూడదో చూసి నేర్చుకో. అన్నిటికంటే ముఖ్యం, తప్పు రాస్తే వైట్‌నర్ పూయడం, కొట్టేసి పైన దిద్దడం ఉండవు. ఒక్క గీత గీసి, పక్కన సరైనది రాసి, సంతకం, తేదీ, కారణం. చిత్తుకాగితం మీద రాసుకుని తర్వాత ఎక్కించడం ఇంకా పెద్ద తప్పు. ఫ్రెషర్ ఇంటర్వ్యూలో ఇది తెలిసినవాడికి, తెలియనివాడికి తేడా మొదటి ఐదు నిమిషాల్లో బయటపడుతుంది.

పాలకొండ_బీకామ్:
నాది బీకామ్ అండి, ఈ ఏడాది పూర్తవుతుంది. బీటెక్ కాని వాళ్లకు ఏం దారి? అప్రెంటిస్, ఇంటర్న్ ఒకటేనా?

ఖాతా_పుస్తకం:
ఒకటి కాదండి. తేడా కాగితం మీదే ఉంది.

అప్రెంటిస్‌షిప్ 1961 నాటి చట్టం కింద నడుస్తుంది. కాంట్రాక్టు పోర్టల్‌లో నమోదవుతుంది, స్టైపెండ్‌కు కనీస మొత్తం ఉంటుంది. 2019లో సవరించిన నిబంధనల్లో డిగ్రీ వాళ్లకు నెలకు 9,000, డిప్లొమాకు 8,000 కనీసం అని పెట్టారు. ఇప్పటి రేటు ఎన్‌ఏటీఎస్ (జాతీయ అప్రెంటిస్‌షిప్ శిక్షణ పథకం) పోర్టల్‌లో చూసుకోండి. కనీస మొత్తంలో సగం ప్రభుత్వం భరిస్తుంది, అందుకే కంపెనీలకూ ఇబ్బంది లేదు. ముప్పై, ఆపైన మంది ఉన్న సంస్థలు అప్రెంటిస్‌లను తీసుకోవడం తప్పనిసరి. ఏడాది పూర్తయ్యాక మన రాష్ట్రాలకు చెన్నైలోని అప్రెంటిస్‌షిప్ శిక్షణ బోర్డు నుంచి సర్టిఫికెట్ వస్తుంది. తర్వాత ఉద్యోగం ఇవ్వాలన్న నిబంధన మాత్రం సాధారణంగా ఉండదు, ఆ ఆశ పెట్టుకుని చేరి తర్వాత బాధపడేవాళ్లు చాలా మంది.

ఇంటర్న్‌షిప్‌కు అలాంటి చట్టమేమీ లేదు. లెటర్‌లో ఏం రాశారో అదే. అందుకే పని గంటలు, స్టైపెండ్, మధ్యలో మానేస్తే ఏంటి అన్నవి లెటర్‌లో ఉండాలి.

ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం పోర్టల్ 2024 అక్టోబర్ 3న మొదలైంది. ప్రారంభంలో పెట్టిన షరతుల ప్రకారం వయసు 21 నుంచి 24, ఫుల్‌టైమ్ చదువులో గానీ ఉద్యోగంలో గానీ ఉండకూడదు, కుటుంబ ఆదాయం 8 లక్షలు దాటకూడదు, ఇంట్లో పర్మినెంట్ ప్రభుత్వోద్యోగి ఉండకూడదు. అప్పట్లో ఏడాది పాటు నెలకు 5,000, చేరేటప్పుడు ఒకసారి 6,000. విడతలుగా తెరుస్తారు, షరతులు విడత విడతకీ చూసుకోవాలి. మూడో ఏడాది చదివే భీమవరం అబ్బాయికి ఇది పనికిరాదు, మీకు పనికిరావచ్చు.

సీఏ ఆలోచన ఉంటే ఆర్టికల్‌షిప్ (ఆడిటర్ దగ్గర చేసే తప్పనిసరి శిక్షణ) ఇప్పుడు రెండేళ్లే, 2023 జూలై నుంచి చేరినవాళ్లకు. సీఏ చదవకపోయినా మీ ఊరి ఆడిటర్ ఆఫీసులో మూడు నెలలు కూర్చుంటే పనికొస్తుంది. కొనుగోలు బిల్లులను జీఎస్టీఆర్-2బీతో (సరఫరాదారులు చూపిన బిల్లులతో పోర్టల్ ఇచ్చే జాబితా) పోల్చడం అడిగి చేయండి. సరఫరాదారు రిటర్న్ వేయకపోతే ఆ బిల్లు 2బీలో రాదు, దాని మీద కట్టిన పన్ను క్రెడిట్ ఆగిపోతుంది, వ్యాపారి గోల పెడతాడు. ఆ జాబితా తయారుచేసి ఎవరికి ఫోన్ చేయాలో చెప్పగలిగిన మనిషికి ఏ ఊళ్లోనైనా పని దొరుకుతుంది. టాలీ సర్టిఫికెట్ ఉన్నవాళ్లు చాలా మంది ఉన్నారు, ఇది చేయగలిగినవాళ్లు తక్కువ.

సరోజ_లీగల్:
ఒక ముఖ్యమైన సంగతి ఎవరూ చెప్పలేదు. ఆఫీసుల్లో లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం ట్రైనీలకు, అప్రెంటిస్‌లకు కూడా వర్తిస్తుంది. "నువ్వు ఉద్యోగివి కాదు" అన్న మాట చెల్లదు. పది, అంతకంటే ఎక్కువ మంది ఉన్నచోట అంతర్గత కమిటీ ఉండాలి. ఫిర్యాదు మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి. పన్నెండు మంది ఉన్న చిన్న కంపెనీలో కమిటీ పేరు కూడా విని ఉండరు, అప్పుడు జిల్లా స్థాయి స్థానిక కమిటీకి వెళ్లొచ్చు. ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ ఆపేస్తారన్న భయంతో ఊరుకోవద్దు అమ్మాయిలూ.

డల్లాస్_గ్రాడ్:
అమెరికాలో ఎంఎస్ చేస్తున్నవాళ్ల కోసం రెండు లైన్లు. అక్కడ ఇంటర్న్‌షిప్‌కు సీపీటీ (చదువుతుండగా పనిచేసే) అనుమతి ఐ-20 (కాలేజీ ఇచ్చే విద్యార్థి వీసా పత్రం) మీద పడ్డాకే, దాని మీద ఉన్న తేదీ నుంచే పని మొదలుపెట్టాలి. ఒక్కరోజు ముందు ఓరియెంటేషన్‌కు వెళ్లినా ప్రమాదమే. ఫుల్‌టైమ్ సీపీటీ పన్నెండు నెలలు నిండితే అదే స్థాయి డిగ్రీ మీద ఓపీటీ (చదువయ్యాక పనిచేసే అనుమతి) పోతుంది. మామూలుగా ఒక విద్యా సంవత్సరం చదివాకే సీపీటీ ఇస్తారు. "మొదటి రోజు నుంచే సీపీటీ" అని ఊరించే కాలేజీల విషయంలో జాగ్రత్త, తర్వాత హెచ్1బీ, గ్రీన్ కార్డు దశల్లో ప్రశ్నలు రావచ్చు.

భీమవరం_ఈసీఈ:
విజయవాడకే వెళ్తాను. ఇంకో రెండు సందేహాలు. పీపీఓ గురించి ఎప్పుడు అడగాలి? సర్టిఫికెట్‌లో ఏముండాలి?

నిశిత_రిక్రూటింగ్:
పీపీఓ చివరి రోజు అడిగితే "చూద్దాం" అంటారు. ఐదో వారంలో అడుగు. అది కూడా "ఉద్యోగం ఇస్తారా" అని కాకుండా, "చదువయ్యాక ఇక్కడ చేరాలంటే మిగిలిన మూడు వారాల్లో నా నుంచి ఏం చూడాలనుకుంటారు" అని. జవాబు సూటిగా ఉంటే ఖాళీ ఉన్నట్టు. నీళ్లు నమిలితే లేనట్టు, అప్పుడు మంచి సిఫార్సు మీద దృష్టి పెట్టు.

సర్టిఫికెట్‌లో మొదలైన తేదీ, ముగిసిన తేదీ, నువ్వు చేసిన పని రెండు వాక్యాల్లో, సంతకం చేసినవారి పేరు, హోదా, కంపెనీ ఈమెయిల్ ఉండాలి. "అంకితభావంతో పనిచేశాడు" అన్న వాక్యం ఎవరూ చదవరు. ఆ రెండు వాక్యాలు నువ్వే రాసి పంపు, వాళ్లకు తీరిక ఉండదు. నీ రోజువారీ నోట్స్ ఉంటే అది పది నిమిషాల పని.

రెజ్యూమేలో ఇలా: "80 మి.మీ. థర్మల్ ప్రింటర్‌పై తెలుగు వస్తువుల పేర్లు ముద్రించే మాడ్యూల్ రాశాను. ప్రస్తుతం ఇన్ని షాపుల్లో వాడుతున్నారు." సంఖ్య కంపెనీని అడిగి నిజమైనదే పెట్టు. కోడ్ వాళ్లది కాబట్టి నీ గిట్‌హబ్‌లో పెట్టకు. అదే ఆలోచనను వేరే డేటాతో ఇంట్లో మళ్లీ మొదటి నుంచి రాసి పెట్టుకోవచ్చా అంటే, సంతకం పెట్టిన ఒప్పందం చదివి, వాళ్లను అడిగాకే.

పుల్‌రిక్వెస్ట్_బాబాయ్:
చేరేముందు వాళ్లకు ఒక మెయిల్ పెట్టు. వాట్సాప్ కాదు, మెయిల్. ఇంత చాలు:

"నమస్కారం సర్. మే నెల ఫలానా తేదీ నుంచి ఎనిమిది వారాలు ఇంటర్న్‌గా చేరడానికి సిద్ధంగా ఉన్నాను. కాలేజీ ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) జతచేశాను. నెలకు 5,000 స్టైపెండ్, పని వేళలు ఆఫర్ లెటర్‌లో రాసి పంపగలరు. వచ్చేలోపు నేను చదువుకోవాల్సిన భాష, డేటాబేస్ ఏవో చెబితే మొదలుపెడతాను."

చివరి వాక్యం తీసేయకు. దానికి వచ్చే జవాబును బట్టి నీకు పని ఇచ్చే ఉద్దేశం వాళ్లకు ఉందో లేదో ముందే తెలుస్తుంది. నాలుగు రోజుల్లో ఏ జవాబూ రాకపోతే ఫోన్ చెయ్యి. అప్పటికీ దాటవేస్తే ఏలూరు వైపు వెతకడం మొదలుపెట్టు, ఇంకా టైముంది.